ప్రశ్న ఎన్నో అధ్యాయంలో ఉంది? – తెలుగు విద్యార్థి పరిశోధన నివేదికల నిర్మాణం: ఒక విమర్శ

వ్యాససంగ్రహం: తెలుగు శాఖల్లో ఎం.ఏ. విద్యార్థులు సమర్పించే పరిశోధన ప్రాజెక్టు నివేదికల అమరికను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అలవాటుగా వస్తున్న అధ్యాయ విభజన విద్యార్థి సొంత సేకరణను, పరిశీలనను చివరి పుటలకు నెట్టివేస్తున్నదని, అధ్యాయాలు పరిశోధన ప్రశ్న నుండే పుట్టవలసి ఉన్నదని వాదిస్తుంది. చేనేత వృత్తిపదాల అధ్యయనాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ విషయాన్ని వివరిస్తుంది. ఆధారాల సూచన, లిపి, సామ్య పరీక్షలకు సంబంధించి తెలుగుకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కులను చర్చిస్తుంది.

కీలకపదాలు: ప్రాజెక్టు నివేదిక, అధ్యాయ విభజన, వృత్తిపదకోశం, ఆధార సూచన, యూనికోడు, సామ్య పరీక్ష.

1. ఉపోద్ఘాతం

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022 నవంబరులో ప్రకటించిన పిహెచ్.డి. నిబంధనలతో ఎం.ఫిల్. కోర్సు నిలిచిపోయింది. ఈ మార్పు తెలుగు శాఖలపై చూపిన ప్రభావం గురించి జరగవలసినంత చర్చ జరగలేదు. అంతకుముందు పరిశోధనలో అడుగుపెట్టే విద్యార్థికి ఎం.ఫిల్. లఘుసిద్ధాంత వ్యాసం ఒక అభ్యాస క్షేత్రంగా ఉండేది. విషయాన్ని కుదించడం, ఆధారాలను సేకరించడం, అధ్యాయాలుగా విభజించడం, పర్యవేక్షకుని చేత దిద్దించుకోవడం అక్కడ నేర్చుకొనేవారు. ఇప్పుడు ఆ మెట్టు లేదు. చివరి సెమిస్టరులో రాసే ప్రాజెక్టు నివేదికే చాలామందికి పిహెచ్.డి.కి ముందు దొరికే ఒకే ఒక అభ్యాసం. మరికొందరికి అది జీవితంలో చేసే మొదటి, చివరి పరిశోధన కూడా. అందువల్ల ఆ నివేదిక రూపాన్ని కేవలం అట్ట రంగు, అంచు కొలతల వ్యవహారంగా వదిలివేయడం సరికాదు.

మన శాఖల్లో విద్యార్థికి ఇచ్చే సూచనలు ఎక్కువగా బాహ్యరూపానికి సంబంధించినవే. బైండింగు కోసం ఎడమవైపు ఒకటిన్నర అంగుళం వదలాలి, పంక్తుల మధ్య ఒకటిన్నర ఎడం ఉండాలి, ధ్రువపత్రం తరువాత కృతజ్ఞతలు, ఆ తరువాత విషయసూచిక రావాలి. ఇవి అవసరమే. పుట పుటకూ కొలత మారే నివేదిక చదవడానికి ఇబ్బందిగా ఉంటుంది. కాని వీటి గురించి పెద్దగా వాదించవలసినది లేదు. శాఖ ఒక పుటలో రాసి ఇస్తే సరిపోతుంది. ఏ విషయం ముందు రావాలి, ఏది తరువాత, ఏది అసలు రాకూడదు అన్నది మాత్రం నివేదిక లోపలి నిర్మాణానికి సంబంధించిన సమస్య. దానిమీద సూచనలు దాదాపు లేవు. ఉన్నది అలవాటు ఒక్కటే.

2. వారసత్వంగా వచ్చిన అధ్యాయాలు

ఆ అలవాటును ఈ పత్రిక పాఠకులకు పరిచయం చేయనక్కరలేదు. విషయం ఒక కథకుడైతే మొదటి అధ్యాయం ‘తెలుగు కథ పుట్టుక – వికాసం’, రెండవది ‘కథకుని జీవితం – రచనలు’, మూడవది ‘కథావస్తువు’, నాలుగవది ‘పాత్రచిత్రణ’, అయిదవది ‘శిల్పం – శైలి’, చివర ‘ముగింపు’. విషయం జానపద గేయాలైతే ‘జానపద విజ్ఞానం – నిర్వచనాలు’తో మొదలవుతుంది. కథకుని పేరు మార్చితే ఒక నివేదిక విషయసూచిక మరొక నివేదికకు అతికినట్టు సరిపోతుంది. ఏ రచయితకైనా సరిపోయే సూచిక ఆ రచయిత గురించి ప్రత్యేకంగా ఏమీ అడగలేదన్నమాట.

ఈ పద్ధతి ఒకప్పుడు అర్థవంతమైనదే. ఆచార్య బిరుదురాజు రామరాజు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1950లలో తెలుగు జానపద గేయ సాహిత్యం మీద పరిశోధన చేసినప్పుడు, జానపద గేయం విశ్వవిద్యాలయ పరిశోధనకు తగిన విషయమేనని స్థాపించవలసిన అవసరం ఉండేది. అప్పుడు నిర్వచనాలు, వర్గీకరణలు పరిశోధనలో భాగమే. ఆచార్య సి. నారాయణరెడ్డి తన సిద్ధాంత గ్రంథానికి ‘ఆధునికాంధ్ర కవిత్వము – సంప్రదాయములు, ప్రయోగములు’ అని పేరు పెట్టారు. ఆ శీర్షికలోనే ఒక ప్రశ్న ఉంది. ఆధునిక కవిత్వంలో ఏది సంప్రదాయం నుండి వచ్చింది, ఏది కొత్త ప్రయోగం అన్న విచారణను అది ముందే ప్రకటిస్తుంది. తరువాతి తరాలు ఆ గ్రంథాల నుండి అధ్యాయాల వరుసను తీసుకున్నంతగా వాటి వెనుక ఉన్న ప్రశ్నించే పద్ధతిని తీసుకోలేదు. ఇల్లు కట్టడం పూర్తయిన తరువాత కూడా పరంజాను తీయకుండా, దానినే ఇల్లనుకొని కాపురముంటున్నట్టుంది మన స్థితి.

దీనివల్ల కలిగే నష్టం పుటల సంఖ్యలో కనిపిస్తుంది. తొంభై పుటల నివేదికలో మొదటి యాభై పుటలు ఇతరులు ఇదివరకే రాసినదానికి సంగ్రహమైతే, విద్యార్థి తాను చదివి, తాను చూసి రాయవలసిన భాగానికి మిగిలేది సెమిస్టరు చివరి రెండు వారాలు. ఆ భాగమే పలచనవుతుంది. నకలుకు అవకాశం ఎక్కువగా ఉండేది కూడా ఆ మొదటి యాభై పుటలలోనే. తెలుగు కథ పుట్టుక గురించి ఒక ఎం.ఏ. విద్యార్థి కొత్తగా చెప్పగలిగింది ఏముంటుంది? చెప్పడానికి ఏమీ లేని చోట పదిహేను పుటలు రాయమన్నప్పుడు అతడు వేరే ఏం చేయగలడు? అంటే గ్రంథచౌర్యానికి విద్యార్థి ఎంత బాధ్యుడో, మనం ఆమోదించే విషయసూచిక కూడా అంత కారణమే.

ముగింపు అధ్యాయాల సంగతి మరీ విచిత్రం. ‘మొదటి అధ్యాయంలో ఫలానా విషయం వివరించడం జరిగింది, రెండవ అధ్యాయంలో ఫలానా విషయం విశ్లేషించడం జరిగింది’ అని విషయసూచికనే మళ్ళీ వాక్యాలుగా రాస్తారు. ‘జరిగింది’ అన్న ఈ క్రియ ప్రత్యేకంగా గమనించదగినది. వర్షం కురవడం జరిగినట్టు విశ్లేషణ కూడా దానంతట అదే జరిగినట్టు ధ్వనిస్తుంది, చేసినవారెవరో కనిపించరు. నివేదిక మొత్తంలో విద్యార్థి సొంత గొంతు వినిపించేది కృతజ్ఞతల పుటలో మాత్రమే. తల్లిదండ్రుల గురించి, హాస్టలు మిత్రుల గురించి అంత సహజమైన తెలుగు రాయగలిగినవారు మొదటి అధ్యాయంలోకి రాగానే కర్మణి వాక్యాలలో దాక్కొంటున్నారు.

3. ప్రశ్న నుండి అధ్యాయాలు: చేనేత పదాల ఉదాహరణ

సాధారణ సూత్రాలకంటె ఒక ఉదాహరణతో ఈ విషయం తేటపడుతుంది. యాదాద్రి భువనగిరి జిల్లాలోని ఒక చేనేత కుటుంబానికి చెందిన విద్యార్థిని ‘పోచంపల్లి ప్రాంత చేనేత వృత్తి పదజాలం’ అన్న విషయాన్ని ఎంచుకొన్నదనుకొందాం. అలవాటైన పద్ధతిలో ఆమె నివేదిక ఇలా ఉంటుంది: తెలుగు భాష – మాండలికాలు, చేనేత వృత్తి చరిత్ర, జిల్లా నైసర్గిక స్వరూపం, చేనేత పదజాలం, ముగింపు. ఇంటిలో పుట్టినప్పటినుండి వింటున్న మాటలు నాలుగో అధ్యాయంలో గాని రావు. అవి కూడా అకారాది పట్టికగా వస్తాయి. తల్లి దగ్గర, పొరుగింటి నేతకారుల దగ్గర కూర్చొని రాసుకొన్న వాక్యాలు అనుబంధంలో పడతాయి, లేదా పుటలు ఎక్కువయ్యాయని తొలగిపోతాయి. జిల్లా వైశాల్యం మాత్రం పదిలంగా ఉంటుంది.

ఇప్పుడు అదే విషయానికి ఒక ప్రశ్న జోడిద్దాం. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశాలలో మొదటిది, 1962లో వచ్చినది, వ్యవసాయ పదాలకు సంబంధించినది. రెండవది, 1971లో వచ్చినది, చేనేత పదాలకు సంబంధించినది. అంటే మన విద్యార్థిని చేతిలో అర్ధశతాబ్దం కిందటి ఒక నమోదు సిద్ధంగా ఉంది. ఆ పదకోశంలోని పదాలలో ఏవి ఇప్పటికీ మగ్గం దగ్గర వినిపిస్తున్నాయి? ఏవి వృద్ధులకు మాత్రమే తెలుసు? అందులో లేని ఏ పదాలు కొత్తగా వచ్చాయి? ఈ మూడు ప్రశ్నలు అడిగిన క్షణంలోనే నివేదిక రూపం మారిపోతుంది.

మొదటి అధ్యాయం ఎనిమిది, పది పుటలకు మించనక్కరలేదు. ప్రశ్న ఏమిటి, పాత పదకోశం ఏ తీరులో తయారైంది, తాను ఎవరిని, ఎన్ని రోజులు, ఏ పని జరుగుతుండగా అడిగింది అన్నవి అక్కడ చెప్పాలి. మాండలికం అంటే ఏమిటో నిర్వచించే పుటలు అక్కరలేదు. తెలుగును పూర్వ, దక్షిణ, ఉత్తర, మధ్య మండలాలుగా చూపిన విభజనను పేర్కొని, తన ప్రాంతం ఉత్తర మండలంలోనిదని ఒక వాక్యంలో చెబితే చాలు. తరువాతి అధ్యాయాలు అకారాదిగా కాక పని నడిచే వరుసలో రావచ్చు. మగ్గం ఎక్కకముందు జరిగే ఆసు పోయడం, చిటికి కట్టడం, అద్దకం ఒక అధ్యాయం. పడుగు, పేక, అచ్చు, నాడె, కండె వంటి మాటలు వచ్చే మగ్గం పని మరొక అధ్యాయం. అకారాది పట్టిక చివర సూచికగా ఉండాలి. వెదకడానికి అది పనికివస్తుంది. ఒక పదం ఏ చేతి కదలిక నుండి పుట్టిందో చెప్పడానికి పనికిరాదు.

ఆసు పని ఇందుకు మంచి నిదర్శనం. ఒక చీరకు వేలసార్లు చేయి అటూ ఇటూ తిప్పి నూలు పోసే ఈ శ్రమను ఎక్కువగా ఇంటి స్త్రీలే చేసేవారు. చింతకింది మల్లేశం తన తల్లి పడిన బాధను చూసి ఆసుయంత్రాన్ని రూపొందించి దానికి ఆమె పేరు పెట్టిన సంగతి ప్రసిద్ధమే. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. యంత్రం వచ్చిన ఇళ్ళలో చేతి ఆసుకు సంబంధించిన క్రియలు, కొలతల పేర్లు, నొప్పికి పెట్టుకొన్న పేర్లు ఏమయ్యాయి? యంత్ర భాగాలను ఏ మాటలతో పిలుస్తున్నారు, పాత పరికరాల పేర్లతోనా, ఇంగ్లీషు మాటలతోనా? ఇది ఏ గ్రంథాలయంలోనూ దొరకని సమాచారం. విశ్వవిద్యాలయ ఆచార్యునికంటె ఆ విద్యార్థినికే అది సులభంగా అందుతుంది. ఇంత విలువైనదానిని అనుబంధంలోకి పంపే నిర్మాణాన్ని శాస్త్రీయ పద్ధతి అని పిలవడం నాకు సమ్మతం కాదు.

పద నమోదులోనూ ఒక క్రమం ఉండాలి. ఆరోపం, వ్యాకరణ విభాగం, అర్థం, విన్న ఊరు, చెప్పినవారి సంకేతం, వారు వాడిన పూర్తి వాక్యం – ఇవి ప్రతి పదానికీ ఒకే వరుసలో రావాలి. ‘నాడె: నామవాచకం, పేక దారపు కండెను లోపల ఉంచుకొని పడుగు మధ్యగా అటూ ఇటూ తిరిగే సాధనం’ అన్నంతవరకు ఏ నిఘంటువైనా చెబుతుంది. నివేదికకు విలువ వచ్చేది ఆ తరువాతి వాక్యం వల్ల. చెప్పినవారి పేర్లను వారి అనుమతి లేకుండా ముద్రించకూడదు. వయస్సు, స్త్రీపురుష భేదం, పని తెలిపే సంకేతం సరిపోతుంది. ఉచ్చారణను చూపడంలో ఒక ఇబ్బంది ఉంది. ‘వచ్చాడు’లో వినిపించే వివృత స్వరానికి తెలుగు లిపిలో ప్రత్యేకాక్షరం లేదు. దానికి ఏ గుర్తు వాడుతున్నదీ మొదటి అధ్యాయంలోనే చెప్పకపోతే చివరి పట్టికలోని సగం భేదాలు పాఠకునికి అందవు.

4. ఆధారాలను చూపే తీరు

ఆధార సూచనకు మన విద్యార్థులు ఎక్కువగా పాశ్చాత్య పద్ధతులను యథాతథంగా పాటిస్తున్నారు. పద్ధతి ఏదైనా ఒకటి ఉండటం మంచిదే. కాని ఆ పద్ధతులు తెలుగు పేర్లను, తెలుగు గ్రంథాలను దృష్టిలో పెట్టుకొని చేసినవి కావు. ‘చివరి పేరు ముందు’ అన్న నియమాన్ని అక్షరాలా పాటిస్తే వెల్చేరు నారాయణరావు ‘రావు’ అవుతారు. గ్రంథసూచిలో పదిమంది రావులు, ఆరుగురు శాస్త్రులు వరుసగా నిలబడతారు. ఎవరు ఎవరో తెలియదు. తెలుగులో ఇంటిపేరు ముందే ఉంటుంది. కాబట్టి తిప్పి రాయవలసిన పనే లేదు. ‘వెల్చేరు నారాయణరావు’ అని ఉన్నది ఉన్నట్టు రాసి, ఇంటిపేరును బట్టి అకారాదిగా అమర్చడం అన్నింటికంటె సులభం. ‘నారాయణరావు, వెల్చేరు’ అన్న పద్ధతీ మన గ్రంథాలలో బాగా వ్యాప్తిలో ఉంది. ఏదైనా ఒకటే పాటించాలి. శ్రీశ్రీ, ఆరుద్ర, చాసో వంటి కలంపేర్లను కలంపేరు కిందనే ఉంచి, అసలు పేరు నుండి అక్కడికి చూపు ఇవ్వాలి. బీనాదేవి వంటి పేరు వెనుక భార్యాభర్తలిద్దరు ఉన్నారని తెలియని విద్యార్థి ‘రచయిత్రి’ అని రాసి ముందుకు పోతాడు. గ్రంథసూచిని శ్రద్ధగా తయారు చేయిస్తే ఇటువంటి సాహిత్యచరిత్ర కూడా దారిలో తెలుస్తుంది.

సంవత్సరాల విషయంలో పొరపాట్లు మరీ ప్రమాదకరమైనవి. కన్యాశుల్కం 1897లో ఒక రూపంలో, 1909లో బాగా మారిన మరొక రూపంలో వెలువడింది. విద్యార్థి తన చేతిలోని పునర్ముద్రణను బట్టి ‘గురజాడ 2012’ అని రాస్తే ఏ కన్యాశుల్కం గురించి మాట్లాడుతున్నాడో తెలియదు సరికదా, కాలక్రమాన్ని బట్టి చేసే వాదన అంతా తారుమారవుతుంది. మొదటి ముద్రణ సంవత్సరం, వాడిన ముద్రణ సంవత్సరం రెండూ ఇవ్వాలి. పాత పత్రికల మీద తెలుగు సంవత్సరం పేరు మాత్రమే ఉంటే మరింత జాగ్రత్త కావాలి. ‘ప్రభవ’ 1927–28 కావచ్చు, 1987–88 కావచ్చు. ఉగాదితో సంవత్సరం మారుతుంది కనుక మాసం చూడనిదే క్రీస్తుశకం నిర్ణయించలేము.

ప్రాచీన కావ్యాలకు పుటసంఖ్య ఇవ్వడం దాదాపు నిరుపయోగం. పర్వం, ఆశ్వాసం, పద్యసంఖ్య ఇచ్చి, వాడిన ప్రతిని ఒకసారి పేర్కొంటే ఏ ముద్రణ చేతిలో ఉన్నవారైనా చాలావరకు ఆ పద్యాన్ని పట్టుకోగలరు. వేమన పద్యాలకు ఈ ఉపాయమూ చాలదు. బ్రౌను 1829లో ప్రచురించిన సంకలనం మొదలు నేటి చౌకప్రతుల వరకు సంఖ్యలూ వరుసలూ ఒకదానితో మరొకటి కలవవు. అక్కడ పద్యం ఎత్తుగడను, ప్రతి పేరును కలిపి ఇవ్వక తప్పదు.

5. లిపి, అకారాది, సామ్య పరీక్ష

నివేదికలు ఇంకా చాలాచోట్ల డి.టి.పి. కేంద్రాలలో అను లిపిలో తయారవుతున్నాయి. అచ్చులో ఆ అక్షరాలు అందంగానే ఉంటాయి. కాని ఆ ఫైలు లోపల ఉన్నది తెలుగు కాదు. తెలుగు ఆకారాలు తొడుక్కొన్న రోమన్ సంకేతాలు. అందువల్ల శోధ్‌గంగ వంటి భాండాగారంలో చేరినా అటువంటి రచనలో ఒక తెలుగు పదాన్ని వెదికి పట్టుకోవడం సాధ్యం కాదు. పోచంపల్లి పదాలు సేకరించిన నివేదిక తరువాతి విద్యార్థి వెదుకులాటలో కనిపించకపోతే, ఆ పదాలు రెండవసారి పోయినట్టే. విద్యార్థి తానే యూనికోడులో టైపు చేస్తే శీర్షికలకు శైలులు కేటాయించి విషయసూచికను, పాదసూచికల సంఖ్యలను కంప్యూటరు చేతనే వేయించవచ్చు. ఒక పుట చేర్చినప్పుడల్లా కేంద్రానికి పరుగెత్తి సంఖ్యలన్నీ మార్పించే బాధ తప్పుతుంది.

యూనికోడుకు కూడా ఒక మెలిక ఉంది. అందులో సున్నకు ఇచ్చిన సంఖ్య ‘అ’కు ఇచ్చినదానికంటె చిన్నది, ‘ఱ’ ‘ర’ పక్కన, ‘ళ’ ‘ల’ పక్కన ఉంటాయి. బడిలో నేర్చిన వర్ణమాలలో ‘అం’ ‘ఔ’ తరువాత, ‘ళ’, ‘ఱ’ ‘హ’ తరువాత వస్తాయి. కాబట్టి సంకేతసంఖ్యల వరుసలో పేర్చిన పట్టిక బడి అకారాదితో ఏకీభవించదు. ఏ క్రమం పాటించారో పట్టిక నెత్తిన ఒక వాక్యం రాస్తే చిక్కు తీరుతుంది.

సామ్య పరీక్ష సంగతి ఇంత తేలికగా తేలదు. యు.జి.సి. 2018 నిబంధనలు పది శాతం వరకు సామ్యాన్ని శిక్షార్హం కానిదిగా, ఆపైన నలభై వరకు, అరవై వరకు, అరవై దాటినది అని మూడు స్థాయిలుగా విభజించాయి. ఆధారంతో ఉదహరించిన భాగాలను, గ్రంథసూచిని, విషయసూచికను లెక్కనుండి మినహాయించాయి. అను లిపిలోని ఫైలును పరీక్షకు పెడితే సంకేతాల గందరగోళమే యంత్రానికి కనిపిస్తుంది. అప్పుడు వచ్చే సున్నా శాతం నిజాయితీకి నిదర్శనం కాదు, చదవలేదనడానికి మాత్రమే నిదర్శనం. ఆ సున్నాను ధ్రువపత్రంలో అతికించడం ఎవరిని నమ్మించడానికి?

అవే నిబంధనలు యాదృచ్ఛికంగా కలిసే మాటలకు, సర్వసాధారణ జ్ఞానానికి వరుసగా పద్నాలుగు పదాల వరకు మినహాయింపునిచ్చాయి. ఇంగ్లీషులో పద్నాలుగు పదాలు ఒక చిన్న వాక్యం. తెలుగులో విభక్తులు పదంలోనే కలిసిపోతాయి; సంధులు, సమాసాలు రెండు మూడు మాటలను ఒకటి చేస్తాయి. మన పద్నాలుగు పదాలలో రెండు వాక్యాలు, ఒక్కోసారి ఒక పూర్తి అభిప్రాయం ఇమిడిపోతుంది. పైగా ‘చెప్పవలసి వచ్చింది’ అని విడదీసి రాసినవారికి రెండు పదాలు, ‘చెప్పవలసివచ్చింది’ అని కలిపి రాసినవారికి ఒకటే. పదాల మధ్య ఖాళీలను మార్చితే శాతం మారే కొలతను తెలుగుకు యథాతథంగా వర్తింపజేయవచ్చునా అన్నది తెలుగు శాఖల పాఠ్యనిర్ణాయక మండళ్ళు లిఖితపూర్వకంగా తేల్చవలసిన విషయం. అది తేలేవరకు పర్యవేక్షకుడు శాతాన్ని పక్కనపెట్టి, నివేదికలో ఏ పుటనుండి విద్యార్థి సొంత పరిశీలన మొదలైందో చూసి, ఆ పుటసంఖ్యను మౌఖిక పరీక్షకులకు రాసి పంపవచ్చు.